వర్ధనమ్మగారికి ఫస్టు మార్కులు

మూర్తి చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. భుజాన గుడ్డసంచి, సంచిలో కేరేజీ, చేతిలో గొడుగు. గడప దాటి మెట్టు మీద కాలు పెట్టబోతుండగా లోపలి గదిలోంచి "హాచ్చి!" అని వినిపించింది.

"ఆగరా!" వంటింట్లోంచే కేకేసింది తల్లి వర్ధనమ్మ.

మూర్తి ఆగాడు. ఆగక చస్తాడా! ఆ ఇంట్లో బయల్దేరిన మనిషి చెవిన తుమ్ము పడిందంటే వెనక్కి రావాలి, పీట మీద కూర్చోవాలి, కాళ్ళు కడుక్కోవాలి, అరగ్లాసు మంచినీళ్ళు తాగాలి, ఆ తర్వాతే మళ్ళీ గడప దాటాలి. నర్సీపట్నంలో చాలా ఇళ్ళలో ఉన్న పద్ధతే గానీ, మిగతావాళ్ళు ఏడాదికి నాలుగుసార్లు పాటిస్తే వీళ్ళు రోజుకి నాలుగుసార్లు పాటిస్తున్నారు. వెంటనే రెండో తుమ్ము వస్తే మొదటిదాని దోషం పోతుందన్న వెసులుబాటు ఒకటుంది. అందుకని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి రెండో తుమ్ము కోసం ఎదురుచూశారు.

"చిరంజీవ! ఇంకోటి రాదేటే, తల్లీ?" సోమసుందరం మాస్టారు పడక్కుర్చీలోంచి మనవరాలిని బతిమాలారు.

అయిదేళ్ళ నరసు ముక్కు ఎగబీల్చి, కళ్ళు చికిలించి, చేతనైనంత ప్రయత్నం చేసింది. "రావట్లేదు తాతా."

మూర్తి చెప్పులు విప్పాడు. పీట మీద కూర్చున్నాడు. కాళ్ళు కడుక్కున్నాడు. గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాక అప్పుడు వచ్చాయి నరసుకి తుమ్ములు, ఒకటి కాదు, వరసగా ఏడు.

"ఏడు బేసే కదేటి," అంది వర్ధనమ్మ.

"మొదటిదాంతో కలిపితే ఎనిమిది," అన్నారు మాస్టారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి.

"అది వేరు, ఇది వేరు. మధ్యలో నీళ్ళు తాగీసేడు."

ఎవరి లెక్కా తేలేదాకా రావికమతం బస్సు ఆగలేదు. పంచాయతీ సమితి ఆఫీసులో గుమస్తా సూర్యనారాయణమూర్తి ఆ నెలలో ఆలస్యంగా వెళ్ళడం అది పదకొండోసారి.

మూర్తి భార్య బాలాంబ పొయ్యి ముందు కూర్చుని పెనం మీద అట్టు తిరగేసింది. అది మాడింది. మాడుతుందని ఆమెకి ముందే తెలుసు. ఎందుకంటే ఇంక రాబోయే మాట కూడా ఆమెకి ముందే తెలుసు.

"మా వంశంలో ఎవరికీ లేదమ్మా ఈ తుమ్ముల రోగం," అంది వర్ధనమ్మ, గోడతో చెబుతున్నట్టు. "నక్కపల్లి నించి వచ్చింది. వాళ్ళ నాన్న పెళ్ళిపందిట్లో తాళి కట్టే వేళకి తుమ్మేడు. నేనప్పుడే అనుకున్నాను."

బాలాంబ తండ్రికి నస్యం అలవాటు. నస్యం పీల్చిన మనిషి తుమ్మక పాట పాడతాడా? ఈ సంగతి బాలాంబ పెళ్ళైన కొత్తలో ఒకసారి, నరసు పుట్టాక రెండుసార్లు, ఈ ఏడాదైతే లెక్కలేనన్నిసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని "హుమ్!" అనేది.

ఆ "హుమ్" ఆ ఇంటికి హైకోర్టు తీర్పు. గొంతులో పుట్టి ముక్కులో ఆగిపోయే ఆ చప్పుడు వినగానే మాస్టారు పేపరు మడిచేవారు, మూర్తి పెరట్లోకి జారుకునేవాడు, పాలు తెచ్చే రాజులమ్మ కూడా చెంబు అక్కడ పెట్టి "అమ్మగోరికి కోపమొచ్చింది, నానెల్తాను" అనేది. పొద్దున్నే ఇల్లు ఊడ్చేటప్పుడు ఒకటి రెండు, పరుపులు దులిపేటప్పుడు నాలుగైదు. పనులన్నీ తన నెత్తినే పడ్డాయన్న కోపమని అందరూ అనుకునేవారు. బాలాంబ ఏడేళ్ళుగా ఆ చప్పుడుకి ఉలిక్కిపడుతూనే ఉంది.

నరసుకి తుమ్ములు వచ్చి ఏడాది దాటింది. పొద్దున్న లేస్తూనే మొదలు, ముక్కు కారడం, కళ్ళు దురదలు, చలికాలంలో పిల్లికూతలు. బలిఘట్టం గుడికి వెళ్ళి మొక్కుకున్నారు. మిరియాల కషాయం పోశారు. తాయెత్తు కట్టించారు. తాయెత్తు తాడు దగ్గర కూడా దద్దుర్లు లేచాయి.

సంక్రాంతి వెళ్ళాక మాస్టారి పాత శిష్యుడు దక్షిణామూర్తి వచ్చాడు. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు చదువు చదువుతున్నాడు. ఆయాసం ఉన్న పిల్లల మీద, వాళ్ళ ఇళ్ళలో వాళ్ళ మీద ఏదో పుస్తకం రాసి కాలేజీకి ఇవ్వాలట. "పైసా ఖర్చు లేదు మాస్టారూ, ఇంట్లో అందరి రక్తం కాస్త కాస్త ఇవ్వండి. బొంబాయి పంపించి పరీక్ష చేయిస్తాను. ఆ రక్తంలో యాంటీబాడీలు ఎంతున్నాయో తెలిస్తే పాప తుమ్ముల సంగతి తేలుతుంది," అన్నాడు. ముందు అందరిచేతా నులిపురుగుల మందు మింగించాడు, నెల ఆగాడు, మళ్ళీ వచ్చి సీసాల్లో రక్తం తీసుకెళ్ళాడు. వర్ధనమ్మ మాత్రం చెయ్యి చాపడానికి గంటసేపు గొడవ చేసింది. "రోగం పిల్లది. వాళ్ళమ్మది తియ్యండి, చాలు. నాదెందుకు?" అంది. మాస్టారు శిష్యుడి ముందు పరువు పోతుందని బతిమాలితే చివరికి మొహం అటు తిప్పుకుని ఇచ్చింది.

*

బుధవారం పదకొండు గంటలకి పోస్టులో కవరు వచ్చింది. లోపల రెండు కాయితాలు. ఒకటి ఉత్తరం: "ఆదివారం నేనే వచ్చి వివరంగా చెబుతాను, అంతవరకూ ఏమీ కంగారు పడకండి." రెండోది పేర్లూ అంకెలూ ఉన్న పట్టీ. ఉత్తరాన్ని మాస్టారు జేబులో పెట్టుకున్నారు. పట్టీని మాత్రం కళ్ళజోడు తుడుచుకుని, అరుగు మీదికి వచ్చి, పదో తరగతి ఫలితాలు చదివే గొంతుతో చదివారు.

"యాంటీబాడీలంటే ఒంటిని కాపాడే సైన్యం. ఐజీఈ అనే రకం ఎవరికెంత ఉందో ఇందులో వేసేడు. ఫస్టు, వర్ధనమ్మ, వెయ్యిన్నీ నాలుగువందల అరవై! సెకండు, నరసు, వెయ్యిన్నీ నూట ఎనభై. మూర్తి, రెండువందల పది. నేను అరవై, పరవాలేదు, వయసైపోయింది." కాయితం కాస్త దూరం పెట్టి చూశారు. "బాలాంబ, నలభై రెండు."

"ఎంతకి నలభై రెండు?" అడిగింది వర్ధనమ్మ.

"అది వెయ్యలేదు."

"ఎంతకైతే ఏటిలెండి. నలభై రెండు నలభై రెండే."

పాలచెంబు కోసం వచ్చిన రాజులమ్మ నోరు తెరుచుకుని వింది. "ఏటమ్మా, మీ రగతంలో అంత బలముందేటి! సినపాపకీ మీ బలవేఁ వొచ్చిందన్నమాట!"

"మరేటనుకున్నావు? పిల్లది అచ్చం నా రక్తమే!" అంది వర్ధనమ్మ. బాలాంబ పెళ్ళై వచ్చాక అత్తగారి మొహం అంత వెలిగిపోవడం చూడలేదు. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది, హెడ్మాస్టరుగారి భార్యకి రక్తంలో ఫస్టు మార్కులొచ్చాయనీ, కోడలు అత్తెసరు మార్కులతో బయటపడిందనీ.

బాలాంబకి అందులో ఏదో తిరకాసు ఉందనిపించింది. అంత బలమైన సైన్యం ఉన్న పిల్ల రోజూ ఎందుకు తుమ్ముతోంది? అదే అడిగింది.

"సైన్యం ఉంది గనకే పిల్ల నిలబడింది," అన్నారు మాస్టారు. "లేకపోతే ఏమయ్యేదో!"

"రోగం నీది, బలం నాది," అంది వర్ధనమ్మ. "ఇవాళ్టి నించి నరసు నా దగ్గరే పడుకుంటుంది. తిండీ స్నానం అన్నీ నేనే చూస్తాను. నువ్వు ఎంత దూరంగా ఉంటే దానికంత మంచిది."

"ఏవండీ!" అంది బాలాంబ, సాయంత్రం మూర్తి రాగానే.

మూర్తి అమ్మ వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, గొడుగు వైపు చూశాడు. "నాలుగు రోజులే కదా, ఆదివారం డాక్టరు వస్తాడు కదా," అన్నాడు. ఈ మనిషిని సమితి ఆఫీసులో ఎవరు ఉంచుకున్నారో, అక్కడ కూడా ఫైళ్ళన్నీ ఇలాగే మధ్యలో ఆగిపోతాయేమో అనుకుంది బాలాంబ.

నరసు పక్క అత్తగారి గదిలోకి మారింది. ఆ గదిలో వర్ధనమ్మ పెళ్ళినాటి బూరుగుదూది పరుపు ఉంది. ముప్పయ్యారేళ్ళ పరుపు. ఇంట్లో దానికున్న మర్యాద మనుషులకి లేదు. ఏటా ఎండాకాలం వర్ధనమ్మ స్వయంగా డాబా మీద ఆరేసి కర్రతో కొట్టేది, ఇంకెవర్నీ ముట్టనిచ్చేది కాదు. కొట్టిన రోజున ఎండదెబ్బ తగిలిందని కళ్ళు ఎర్రబడి మంచం దిగేది కాదు. ఇదివరకు నరసు రోజూ తెల్లారగట్ల తల్లి పొయ్యి వెలిగించే వేళకి ఆ పరుపు మీదికి పరిగెత్తి మామ్మ పక్కన ముడుచుకునేది. ఇప్పుడు ఏకంగా దానిమీదే ఉంది.

గురువారం తుమ్ములు ఎక్కువయ్యాయి. శుక్రవారం పిల్లికూతలు మొదలయ్యాయి. శనివారం పొద్దున్న పెరట్లో నరసు గోడవైపు తిరిగి నిలబడి ఉంటే బాలాంబ వెనకనించి వెళ్ళి చూసింది. పిల్ల ముక్కు కింద బొటనవేలు అదిమిపెట్టి, మొహం కందగడ్డలా చేసుకుని, "హుమ్!" అంది. అచ్చం మామ్మలాగే.

"ఏటే అది? పెద్దవాళ్ళని వెక్కిరిస్తావా?"

"వెక్కిరించట్లేదమ్మా," అంది నరసు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే. "మామ్మ నేర్పింది. ఇలా అదిమితే ఎవరూ తిట్టరంట. నీకు చెప్పొద్దంది."

బాలాంబకి ఒళ్ళు మండిపోయింది. కొడుకు బస్సు తప్పకూడదని పసిపిల్ల ముక్కు నొక్కిస్తారా? ఆ మధ్యాహ్నం అటక మీదనించి రేకుపెట్టె దించింది.

*

ఆదివారం పొద్దున్న ఏడున్నరకి నరసు గుండెలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటోంది. బాలాంబ పిల్లని ఎత్తుకుని, పెట్టె పట్టుకుని, వీధి గదిలోకి వచ్చింది.

"నేను నక్కపల్లి వెళ్తున్నాను."

"ఎవరితో చెప్పి?" అంది వర్ధనమ్మ.

"చెబుతున్నాగా ఇప్పుడు. మీ దగ్గర పడుకున్న నాలుగు రోజుల్లో నా పిల్ల ఇలా అయింది. నలభై రెండు మార్కుల రక్తమే గానీ, నా పక్కలో ఉన్నప్పుడు దానికి ఇంత ఆయాసం రాలేదు అత్తయ్యగారూ!"

"నోరు బాగా లేస్తోంది. ఒరే మూర్తీ, వింటున్నావేటి?"

"వింటున్నానమ్మా," అన్నాడు మూర్తి, దీనంగా.

"వినడమే ఆయన పని," అంది బాలాంబ. "ఏడేళ్ళనించి వింటున్నారు. మా నాన్న ముక్కు మీద మాటలు విన్నారు, మా వంశం మీద మాటలు విన్నారు. ఒక్కసారైనా 'అమ్మా, ఇంక చాలు' అన్నారా? నేను మీ ఇంటికి రోగం మోసుకొచ్చానా? నాకెప్పుడైనా తుమ్ము రావడం చూశారా మీరెవరైనా?"

నిజమే, బాలాంబ తుమ్మడం ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

"పిల్ల ముక్కు మూయించి, తుమ్ము దాచుకోమని నేర్పుతారా? ఇదెక్కడి పెద్దరికం?"

ఆ మాటకి వర్ధనమ్మ మొహం పాలిపోయింది. బాలాంబ అది చూడలేదు. గడప మీద కాలు పెట్టింది. భుజం మీద నరసు తుమ్మింది.

ఒకే ఒక్క తుమ్ము.

"ఆగు!" అంది వర్ధనమ్మ. ఎప్పటి గొంతు కాదు అది, ఏదో దొరికితే పట్టుకున్న మనిషి గొంతు. "తుమ్మింది. కూర్చో. నీళ్ళు తాగి వెళ్ళు."

ఎంత కోపం వచ్చినా జబ్బు పిల్లని భుజాన వేసుకుని తుమ్మును దాటి వెళ్ళే ధైర్యం బాలాంబకి లేకపోయింది. ఆ ధైర్యం లేనందుకు తన మీద తనకే చిరాకేసింది. వెనక్కి వచ్చి పీట మీద కూర్చుంది, పెట్టె ఒళ్ళో పెట్టుకుని. మూర్తి నీళ్ళు తెచ్చాడు. ఆమె ఆ నీళ్ళు తాగుతుండగా వీధిలో రిక్షా ఆగి దక్షిణామూర్తి దిగాడు.

అతను పలకరింపులకి ఆగలేదు. నరసు వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు, సంచిలోంచి మందు తీసి సూది వేశాడు. పావుగంటకి పిల్ల ఊపిరి కుదుటపడింది. అప్పుడు చేతులు కడుక్కుని కుర్చీ లాక్కున్నాడు.

"పట్టీ అందిందా మాస్టారూ?"

"అందింది. మా వర్ధనందే ఫస్టు," అన్నారు మాస్టారు, కాస్త గర్వంగా.

దక్షిణామూర్తికి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో మాస్టారూ! అవి మార్కులు కావండీ. జ్వరం నూటనాలుగు ఉన్నవాడికి ఫస్టు ర్యాంకు ఇస్తామేటి?"

"అంటే?"

"యాంటీబాడీల్లో చాలా రకాలున్నాయి. ఒక్కో రకానికీ ఒక్కో పని. ఈ ఐజీఈ రకం అందరికీ కొద్దిగానే ఉండాలి. పెద్దవాళ్ళకి వందా నూటయాభై లోపు, పిల్లలకి ఇంకా తక్కువ. కడుపులో పురుగులున్నా పెరుగుతుంది, అందుకే ముందు మందు మింగించేను. అవి లేకుండా కూడా ఇంతుందంటే, ఒళ్ళు దుమ్ముని చూసి దొంగ వచ్చాడని కేకలేస్తోందన్నమాట. ఆ కేకలే ఈ తుమ్ములూ, దురదలూ, ఆయాసమూ."

"మరి బాలాంబది నలభై రెండు?" అడిగాడు మూర్తి.

"ఉండవలసినంత ఉంది. అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు గానీ, ఆవిడకి తుమ్ముల్లేవు, దద్దుర్లు లేవు, అంకె కూడా బావుంది. ఈ లక్షణం చాలావరకు కుటుంబాల్లో దిగుతుంది. పాపకి అమ్మ వైపు నించి వచ్చిందనడానికి నాకేమీ కనబడలేదు."

అరుగు మీద పాలచెంబుతో నిలబడ్డ రాజులమ్మ ఉండబట్టలేక, "అయితే అమ్మగోరు పాసవనేదేటి బాబూ?" అంది.

బాలాంబకి నవ్వు రావలసింది, రాలేదు. నాలుగు రోజులనించి వీధంతా తన రక్తం గురించి మాట్లాడుకుంది. ఇప్పుడు అదే నోళ్ళు అటు తిరుగుతాయని సంతోషించాలనిపించింది. సంతోషించబోయి అత్తగారి వైపు చూసింది.

వర్ధనమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "హుమ్!"

మాస్టారు అలవాటుగా పేపరు మడిచారు. మూర్తి అలవాటుగా లేచాడు. దక్షిణామూర్తి ఒక్కడే కదలకుండా ఆవిడ మొహంలోకి చూశాడు.

"అమ్మగారూ, అది తుమ్ము కదండీ?"

"కోపం," అన్నారు మాస్టారు. "మా పెళ్ళైన ఏడాదినించీ ఉంది."

"కోపం కాదు మాస్టారూ. కొంగు చాటున ముక్కు కింద వేలు పెట్టి తుమ్ము అదిమేరు. ఆ ముక్కు మీద అడ్డంగా గీత చూడండి, ఏళ్ళ తరబడి రుద్దుకుంటేగానీ పడదు. కళ్ళ కింద ఆ నలుపు చూడండి. అమ్మగారూ, మీకు తెల్లారగట్ల ఎక్కువగా వస్తాయా? పరుపు దులిపినప్పుడు?"

వర్ధనమ్మ కాదనడానికి నోరు తెరిచింది. ఆ తెరిచిన నోటితోనే తుమ్మింది. వేలు పెట్టేలోపు ఇంకోటి వచ్చింది. ఆ తర్వాత ఆవిడ వేలు పెట్టడం మానేసింది. ఇల్లంతా అదిరేలా, వంగిపోతూ, కొంగు జారిపోతూ, పదీ పన్నెండూ తుమ్మి, ఆఖరికి గోడకి ఆనుకుని కూలబడింది. ఏడుస్తోందో, తుమ్ముల వల్ల వచ్చిన నీళ్ళో మొదట ఎవరికీ తెలియలేదు.

"నేనే," అంది. "నాదే. పిల్లకి మొదటి తుమ్ము వచ్చిన రోజే నాకు తెలుసు."

"ఏటి తెలుసు?" అన్నారు మాస్టారు.

"నాకు పదిహేనేళ్ళప్పుడు మీరు ట్రైనింగు పరీక్షకని విశాఖపట్నం బయల్దేరేరు. గడప దాటుతుంటే నేను తుమ్మేను. మీరు పరీక్ష తప్పేరు. మీ అమ్మగారు నన్ను ఆ గడప దగ్గరే నిలబెట్టి ఇంకోసారి ఈ ఇంట్లో నీ తుమ్ము వినబడితే పెట్టె సర్ది మీ ఊరు పంపించేస్తానంది. నేను పెరట్లోకి పోయి నూతి వెనక నిలబడి నేర్చుకున్నాను. ముప్పయ్యారేళ్ళు. అందరూ కోపిష్టిదానన్నారు, అననీ, రోగిష్టిదని అనలేదు కదాని ఊరుకున్నాను."

బాలాంబ ఒళ్ళో ఉన్న పెట్టె వైపు చూసుకుంది.

"పిల్లకి మా అత్తగారి పేరే పెట్టేం, అప్పలనరసమ్మ," అంది వర్ధనమ్మ. "దానికీ నా రోగమే వచ్చింది. రేపు అది అత్తారింట్లో తుమ్మితే? అందుకే నేర్పేను. మరి ఎవరి వైపు నించి వచ్చిందని అడిగితే? అందుకే ముందుగానే నక్కపల్లి అన్నాను. అలా అంటూ అంటూ, నాకే అది నిజమనిపించీసింది."

మాస్టారు లేచి నిలబడ్డారు. "వర్ధనం, ఆ ఏడు నేను పుస్తకం ముట్టుకోలేదు. ఊరూరా నాటకాలు చూస్తూ తిరిగేను. నీ తుమ్ముకి కాదు నేను తప్పింది. మా అమ్మ నిన్ను అంటుంటే..." కళ్ళజోడు తీసేశారు. "అంటుంటే నాకు హాయిగా అనిపించింది. నన్నెవరూ ఏమీ అడగలేదు."

వర్ధనమ్మ ఆయన వైపు తిరిగింది. "ఈ మాట చెప్పడానికి ముప్పయ్యారేళ్ళు పట్టిందేటి మీకు?" అంది. ఆయన మళ్ళీ కూర్చోలేక, నిలబడలేక, కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు.

దక్షిణామూర్తి డబ్బాలోంచి చిన్న చిన్న సీసాలు తీశాడు. నరసు మోచేతి మీద చుక్కలు వేసి సూదిమొనతో గుచ్చాడు. వర్ధనమ్మ పిలవకుండానే వచ్చి పిల్ల పక్కన చెయ్యి చాపింది. పావుగంటలో ఇద్దరి చేతుల మీదా ఒకే చోట, ఇంటిదుమ్ము చుక్క దగ్గర, దోమకుట్టినట్టు ఉబ్బింది. నరసుకి సరదాగా ఉంది. "మామ్మా, నీదే పెద్దది!" అంది.

"ఆ దుమ్ము ఎక్కువగా పాత పరుపుల్లో ఉంటుంది," అన్నాడు దక్షిణామూర్తి. "దూది పాతబడేకొద్దీ కంటికి కనబడని పురుగులు చేరతాయి. పాప ఎక్కడ పడుకుంటోంది?"

అందరూ వర్ధనమ్మ గది వైపు చూశారు.

"ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, అణిగి ఉండే జబ్బు," అన్నాడతను మందులు రాస్తూ. "ఇంకా నయం. కొన్ని జబ్బుల్లో యాంటీబాడీలు బయటి దుమ్ముని వదిలేసి సొంత ఒంటినే పరాయిదనుకుని కొరుక్కు తింటాయి. వాటికి వేరే పరీక్షలు, వేరే అవస్థలు. పాపకి అలాంటిదేమీ లేదు."

సొంత ఒంటిని పరాయిదనుకోవడం ఎలా ఉంటుందో బాలాంబకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఏడేళ్ళు ఆ ఇంట్లోనే ఉంది. కానీ ఆ మాట పైకి అనబుద్ధి కాలేదు. గోడకి ఆనుకున్న మనిషి కూడా అక్కడే ఉంది, తనకంటే ఇరవై తొమ్మిదేళ్ళు ముందునించి.

డాక్టరు వెళ్ళాక వర్ధనమ్మ కోడలి దగ్గరికి వచ్చింది. పెట్టె మీద చెయ్యి వేసింది. "మీ నాన్నగారికి నేను ఉత్తరం రాస్తాను. ఏం రాయాలో నువ్వు చెప్పు."

"నస్యం మానెయ్యమని రాయండి," అంది బాలాంబ. ఇంకా కోపంగానే అంది. కానీ పెట్టె కింద పెట్టింది. "వీధిలో వాళ్ళకి మాత్రం మీరే చెప్పుకోండి. నేను ఒక్కరికీ చెప్పను."

"రాజులమ్మకి తెలిసింది, ఇంక నేను చెప్పేదేటుంది?" అంది వర్ధనమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ మధ్యాహ్నం ఆవిడే కత్తిపీట తెచ్చి పరుపు కుట్లు విప్పింది. బాలాంబ ఇద్దరి ముక్కులకీ తడిగుడ్డ కట్టింది. మూర్తి దూది మూటలు ఊరి బయటికి మోశాడు. ఏ వైపూ చూడకుండా, ఎవర్నీ అడక్కుండా అతను చేసిన మొదటి పని అదే. "అమ్మా, ఇంక చాలు, నువ్వు లోపలికి పో, మిగతాది నేను చూస్తాను," అన్నాడు. ఆ "ఇంక చాలు" ఏడేళ్ళు ఆలస్యంగా వచ్చిందని బాలాంబ అతనికి గుర్తు చెయ్యకుండా వదల్లేదు.

*

ఉగాది వెళ్ళిన వారం. చాపల మీద ఉతికిన దుప్పట్లు, నేల తడిగుడ్డతో తుడిచి ఉంది. నరసు తుమ్ములు రోజుకి ఒకటి రెండుకి దిగాయి, ఒక్కోరోజు అసలు లేవు.

మూర్తి చెప్పుల్లో కాళ్ళు దూర్చి, సంచీ గొడుగూ సర్దుకుని, మెట్టు మీద కాలు పెట్టాడు.

"హాచ్చి!"

ఈసారి నరసు కాదు. వంటింటి గుమ్మంలో, చేతులు రెండూ కందిపప్పు చేట మీదే ఉంచి, తలుపులు అదిరేలా తుమ్మింది వర్ధనమ్మ. ఒకటే. అందరూ రెండోదాని కోసం చూశారు. రాలేదు.

మూర్తి అలవాటుగా వెనక్కి తిరిగి చెప్పు విప్పబోయాడు.

"పోరా, బేగి పో!" అంది వర్ధనమ్మ. "బస్సు నీకోసం ఆగుతుందేటి?"

మూర్తి ఒక్క క్షణం తటపటాయించి వెళ్ళిపోయాడు.

"చిరంజీవ, మామ్మా!" అంది నరసు, పలక మీదనించి తల ఎత్తకుండా.

పెద్దవాళ్ళని చిన్నపిల్లలు అలా దీవించకూడదని చెప్పడానికి బాలాంబ నోరు తెరిచింది. అత్తగారి మొహం చూసి ఆగిపోయింది. ఆ ఇంట్లో అప్పలనరసమ్మ అన్న పేరున్న మనిషి వర్ధనమ్మ తుమ్ముకి చిరంజీవ అనడం అదే మొదలు.

వర్ధనమ్మ చేట కింద పెట్టి, మనవరాలి పక్కన నేల మీద చతికిలబడింది.

"ఇంకోసారి అనవే, నరసూ," అంది.